మూడంగుళాల కత్తికి జెండా పాట

మిర్చి సీజన్‌లో వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పోతే ముందు ఘాటు తగులుతుంది, తర్వాత తుమ్ము వస్తుంది, మనుషులు కనబడేది ఆ తర్వాతే. ఆ యార్డులో అడ్తి దుకాణం నడిపే పెద్దమనిషికీ, ఆయన మేనల్లుడికీ మధ్య ఒక జేబుకత్తి మీద జరిగిన వాదన ఇది. అల్లుడు ఇక్కడి ఎన్‌ఐటీలోనే మెటలర్జీ చదివాడు. ఇప్పుడు అమెరికాలో ఉద్యోగం, సెలవు మీద వచ్చాడు. నేను ఇద్దరికీ కావలసినవాణ్ణే కాబట్టి మధ్యలో కుర్చీ వేశారు. తిట్లు తీసేశాను, మిగతాది ఉన్నదున్నట్టే రాస్తున్నాను.

కత్తి గురించి రెండు ముక్కలు. క్రిస్ రీవ్ అనే దక్షిణాఫ్రికా కత్తుల పనివాడు 1980ల చివర్లో అమెరికా వలసపోయి, ఐడహో రాష్ట్రంలోని బోయిసీలో దుకాణం పెట్టాడు. అక్కడ చేసిన సెబెంజా అనే మడతకత్తిని ఆ లోకంలో వాళ్లు ఇప్పటికీ కొలబద్దగా చూస్తారు. అల్లుడి దగ్గర ఉన్నది అందులో చిన్నది. బ్లేడు మూడంగుళాలు, మొత్తం బరువు 85 గ్రాములు, పిడి టైటానియం. ధర అక్కడే 400 డాలర్ల పైమాట.

మామ: ఎంతకు తెచ్చినవ్? ఉన్నమాట చెప్పు.

అల్లుడు: మన పైసల్ల ముప్పై అయిదు వేలు దాటింది మామా.

మామ: క్వింటాల్ మిర్చికి చాన ఏండ్లు గండ్ల సగమే వచ్చింది రైతుకు. గీ జానెడు కూడ లేని దానికి ముప్పై అయిదు వేలా? ఇగో, నా చాకు జూడు. గేటు బయట బండి మీద అరవై రూపాయలకు కొన్న. రోజంతా బస్తాల సుతిలి కోస్తది.

అల్లుడు: రోజుకు ఎన్నిసార్లు నూరుతవ్ దాన్ని?

మామ: నూరుడేంది, గా గడప బండకు రెండు రాకులు రాస్త. అయిపాయె.

అల్లుడు: రెండు రాకులు ఎన్నిసార్లని అడుగుతున్న.

మామ: పొద్దుగాల ఓసారి. పదకొండుకు ఓసారి. అన్నం తిన్నంక ఓసారి. ఏం, బండ అరిగిపోతదా?

అల్లుడు: బండ అరగదు, చాకు అరుగుతది. నిరుటి చాకు ఏది?

పెద్దాయన గల్లాపెట్టె కింది సొరుగు తీసి చూపించాడు. నిరుటిది, అంతకు ముందటిది, ఇంకా వెనకటివి. బ్లేడు సగానికి సన్నబడి, కొస వంకరపోయి, ఒకదానికైతే పిడి స్థానంలో గుడ్డపేలిక. జనపనార మెత్తగా కనిపిస్తుంది గానీ బస్తాకు మట్టి పట్టి ఉంటుంది. ఆ దుమ్మే పదును తినేస్తుంది.

అల్లుడు: ఇందుల ఉన్నది మెత్తటి ఉక్కు. గట్టితనానికి రాక్‌వెల్ అని ఒక కొలత ఉన్నది. స్విస్ చాకులు 56 దగ్గర ఉంటయి. నాది 60 దాటింది. నీ బస్తాలు నువ్వు కోసినన్ని కోసినా, సాయంత్రానికి కాయితం మీద గీస్తే ఇంకా సక్కగ తెగుతది.

మామ: సరే, గట్టిది. గట్టిది విరుగుతది. గా ముక్క చెప్పవేంది?

అల్లుడు: అన్నిట్ల అట్ల కాదు. విరుగుడు ఎక్కడ మొదలైతదంటే, ఉక్కులోపల కార్బైడ్లని గట్టి గింజలుంటయి. అవి పెద్దగ, గుంపులు గుంపులుగ ఉంటే అంచు అక్కడ పెళుసుబారి ఊడిపోతది. దీనిది మాగ్నాకట్ అనే ఉక్కు. లారిన్ థామస్ అని ఒక మెటలర్జిస్టు లెక్కగట్టి చేస్తే 2021ల బయటికొచ్చింది. కరిగిన ఉక్కు ధారను గ్యాసుతోని కొట్టి పొడి జేస్తరు. ఆ పొడిని వేడి, ఒత్తిడి పెట్టి మళ్ల ముద్ద జేస్తరు. అప్పుడు గింజలు సన్నగ, ఒక్క తీరుగ పరుచుకుంటయి. వెనేడియం నాలుగు పాళ్లు, నయోబియం రెండు పాళ్లు నూటికి. క్రోమియం గింజల్ల చిక్కుకోకుండ ఉక్కులనే మిగులుతది కాబట్టి తుప్పు కూడ తొందరగ పట్టదు.

మామ: గీ చదువంతా బ్లేడుది. నేను బ్లేడును ఏమనలే. నా అనుమానం గీ కీలు మీద. మడత ఎందుకుర అసలు? గౌడన్న చెట్టెక్కెటప్పుడు మొలకు కట్టుకునే గీత కత్తి మడుస్తడా? వంటింట్ల కత్తిపీట మడుస్తదా? మేక కోసే కత్తి? పనిజేసే కత్తి ఏదన్న మడిసేది చూసినవా నువ్వు?

ఈ ప్రశ్న దగ్గర అల్లుడు కొంచెం ఆగాడు. ఇలాంటి కత్తుల గురించి మాట్లాడేవాళ్లు పొద్దస్తమానం ఉక్కు పేర్లు వల్లిస్తారు గానీ, మడతకత్తిలో ఖర్చు ఎక్కువ పెట్టించేది బ్లేడు కాదు, మడతే. అదే ఉక్కుతో పిడిలోకి నిలువునా దిగిన మడవని కత్తి చేస్తే దానికి లాకు అక్కర్లేదు, వాషర్లు అక్కర్లేదు, వెంట్రుకవాసి కొలతలు అక్కర్లేదు. మామకు మెటలర్జీ రాదు. కానీ సరుకులో ఎక్కడ చెయ్యి పెట్టాలో అడ్తిదారుకు తెలుసు.

అల్లుడు: జేబుల పెట్టుకోవాలంటే మడవాలె మామా. గౌడన్నకు మొల ఉన్నది, ఒర ఉన్నది. నేను ప్యాంటు జేబుల ఏసుకొని ఆఫీసుకు పోవాలె. ఇగో, చెయ్యి పెట్టు ఇక్కడ. పిడికి రెండు టైటానియం పలకలు. ఒక పలకను పొడుగున చీల్చి వదిలిండ్రు. ఆ చీలిన పట్టీ లోపలికి వంగి ఉంటది. బ్లేడు పూర్తిగ తెరుచుకోంగనే…

టక్. అది బటన్ చాకు చప్పుడు కాదు. మా తరానికి మడతకత్తి అంటే సినిమాలో రౌడీ బటన్ నొక్కితే బయటికి దూకేదే. ఇది బొటనవేలితో తోస్తే నూనె రాసిన తలుపులా మెల్లగా తెరుచుకుని, చివర్లో చీలిన పట్టీ వచ్చి బ్లేడు మడమ వెనక నిలబడింది. వెలుతురుకు ఎత్తి చూస్తే బ్లేడుకు, పలకలకు మధ్య సందు రెండు పక్కలా సమానం. పెద్దాయన బ్లేడు కొస పట్టుకుని అటూ ఇటూ ఆడించి చూశాడు. ఆడలేదు. తన చాకును అలాగే ఆడిస్తే అది వదులు పన్నులా కదిలింది.

అల్లుడు: పట్టీ టైటానియం, బ్లేడు ఉక్కు. రెండూ రాసుకుంటే టైటానియం అంటుకుంటది. అందుకే కొసన చిన్న సిరామిక్ గుండు పెట్టిండ్రు. నువ్వు పిడిని గట్టిగ పిసికినకొద్దీ లాకు ఇంకా బిగుస్తది.

మామ: మంచిగున్నది. ఇప్పుడు మూయి.

అల్లుడు: ఇగో, బొటనవేలితోని పట్టీని పక్కకు నెట్టి…

మామ: ఆగు, గక్కడ్నే ఆగు. నీ బొటనవేలు యాడున్నది? బ్లేడు దిగే తొవ్వల ఉన్నది! చేతులకు మిర్చి కారం, చెమట, తొందర. హమాలీ పిల్లగాడు గిది మూసిండనుకో, వేలు ఏమైతది?

అల్లుడు: …అది ఉన్నది. ఒప్పుకుంట. ఇంకో కంపెనీది యాక్సిస్ లాకు అని ఉన్నది, 1998ల వచ్చింది. దాంట్ల వేలు బ్లేడుకు అడ్డం పెట్టకుండనే మూయొచ్చు. దీంట్ల అలవాటు కావాలె.

మామ: ముప్పై అయిదు వేలు పెట్టి మళ్ల నేను అలవాటు చేసుకోవాలెనా?

అల్లుడు: సరే, నువ్వు దుమ్ము సంగతి అడుగు. నువ్వు అడగకున్నా నేను చెప్త. చాన కొత్త కత్తులకు కీలుల బాల్ బేరింగులు పెడుతున్నరు, సర్రున తెరుచుకుంటదని. గీ యార్డుల అవి పెద్దగ నిలవయి. మిర్చి పొడి, పత్తి నూగు పోయి గుండ్ల మధ్య ఇరుక్కుంటది. దీనికి కంచు వాషర్లు, బల్లపరుపు బిళ్లలు. దుమ్ము చేరినా గరగర అంటది గాని ఆగదు. ఒక చిన్న అలెన్ కీతోని మొత్తం విప్పొచ్చు. తుడిచి, గ్రీజు పెట్టి, మళ్ల బిగిస్తే ముందు లెక్కనే.

నిజంగానే విప్పాడు. మిర్చి శాంపిళ్లు పోసే తెల్ల గుడ్డ పరిచి, మరలు వరసగా పెట్టాడు. రెండు రోజులు యార్డులో తిరిగినందుకే వాషర్ అంచున ఎర్రటి గీత, దాంట్లో ఒక జనపనార పోగు. గుడ్డతో తుడిచాడు, చుక్క గ్రీజు, మళ్లీ బిగించాడు. ఒక మర పెద్దాయన మోకాలి కిందికి దొర్లిపోయింది. దాన్ని వెతకడానికి ఇద్దరు హమాలీలు వంగాల్సి వచ్చింది. కత్తి విప్పగలగడం గుణమే. కానీ ఆ గుణం వాడుకోవడానికి తీరిక, వెలుతురు, పడిపోని బల్ల కావాలి.

మామ: నా చాకుకు విప్పుడు లేదు, బిగిచ్చుడు లేదు. సరే, గా వెనేడియం అన్నవ్ కద. ఉక్కు అమెరికోడు కనిపెట్టిండా? మన కోనసముద్రం ఏమైంది? మా తాత చెప్పేటోడు, నిర్మల్ దిక్కు ఉక్కుకు దేశదేశాలోళ్లు వచ్చేటోళ్లని.

అల్లుడు: నిజమే చెప్పిండు తాత. నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లి మండలంల ఉన్నది ఆ ఊరు. 1820ల ముందూ వెనకా హెన్రీ వాయ్సీ అని సర్వేల పనిజేసే డాక్టరు పోయి కండ్లార చూసి రాసిండు. రెండు ఊర్ల ఇనుమును మూడు పాళ్లకు రెండు పాళ్లు లెక్కన కలిపి, మట్టి మూసల్ల పెట్టి, ఒక పగలు ఒక రాత్రి మంట పెట్టేటోళ్లట. ఇస్ఫహాన్ వర్తకుడు దగ్గర కూసొని చేయించుకునేటోడు. 2010ల ఇంగ్లండ్ ఎక్సెటర్ యూనివర్సిటీ, బెంగళూరు నియాస్ సంస్థ కలిసి ఉత్తర తెలంగాణల ఊరూరా తిరిగి చిట్టెం కుప్పలు లెక్కబెట్టినయ్.

మామ: అగో! మన సరుకు మనకే ముప్పై అయిదు వేలకు అమ్ముతున్నరన్నట్టు.

అల్లుడు: అట్లనొద్దు. అది మూసల కరిగించిన ఉక్కు, ఇది పొడి ఉక్కు. దారి వేరు. కాని ఒక చుట్టరికం ఉన్నది. జాన్ వెర్హోవెన్ అని ప్రొఫెసరు, పెండ్రే అని ఒక కమ్మరి కలిసి, మన మూస ఉక్కు అసొంటి దానితోని చేసిన పాత డమాస్కస్ కత్తులను పరీక్ష చేసి 1998ల రాసిండ్రు. ఆ కత్తుల మీద నీళ్లలెక్క కనబడే గీతలకు కారణం ఉక్కుల రవ్వంత ఉన్న వెనేడియం లాంటివని. ఆ ఖనిజం దొరకకుండ పోయినంక పనితనం ఉన్నా గీతలు రాలేదని వాళ్ల మాట. అప్పుడు తెలవక పడ్డ రవ్వంత వెనేడియం, ఇప్పుడు తూకమేసి పోస్తున్న నాలుగు పాళ్లు.

మామ: మరి మనోళ్ల ఉక్కుతోని చాకు చేసిండ్రా ఎవ్వరన్న?

అల్లుడు: చేసిండ్రు, లండన్ల. 1794ల బొంబాయికెల్లి హెలెనస్ స్కాట్ అని డాక్టరు మన దేశపు ఉక్కు ముద్దలు పంపిండు. అవి కోనసముద్రంవే అని నేను అనను. అక్కడ జార్జ్ పియర్సన్ అని ఇంకో డాక్టరు వాటిని పరీక్షించి 1795ల రాయల్ సొసైటీకి రాసిండు. స్టోడార్ట్ అనే కత్తుల పనోనితోని ఒక పెన్‌నైఫ్ చేయిస్తే, అక్కడి మేలైన ఉక్కు కత్తికి ఏం తీసిపోలేదన్నడు. ఆ స్టోడార్టే తర్వాత ఫారడేను వెంటబెట్టుకొని ఉక్కు మిశ్రమాల మీద ప్రయోగాలు చేసిండు. ఇండియా ఉక్కు యూరప్ ఉక్కు కన్న మేలని తన దుకాణం కార్డు మీద అచ్చేసుకున్నడు కూడ.

మామ: చూసినవా! గా రోజుల్ల మన కమ్మరి కొలిమి ముందు కూసొని నాలుగు దెబ్బలు కొడితే తయారైన వస్తువు. పాడైతే మళ్ల వానికే ఇస్తివి. నీది పాడైతే ఐడహో పంపుతవా?

అల్లుడు: ఇక్కడ తప్పినవ్ మామా. ఆ ఉక్కు నాలుగు దెబ్బలకు లొంగేది కాదు. కర్బనం ఒకటిన్నర పాళ్ల దాక ఉంటది. మామూలు ఇనుము లెక్క తెల్లగ కాలంగనే కొడితే పిండిలెక్క రాలిపోతది. యూరప్ కమ్మరులు అట్లనే కొట్టి ముద్దలు పగలగొట్టుకున్నరు. స్టోడార్ట్ కూడ చీకట్ల చూస్తే ఎర్రగ కనబడే అంత వేడి మీదనే కొట్టాల్సొచ్చింది. అది అందరి కొలిమిల అయ్యే పని కాదు. అప్పుడు కూడ ఖరీదైన సరుకే, కొనేటోళ్లు రాజులు, సర్దార్లు.

మామ కాసేపు మాట్లాడలేదు. ఊళ్లో కమ్మరి చేసినదంతా చవక, సులువు అని మనందరం తేలిగ్గా అనేసుకుంటాం. కోనసముద్రం దానికి జవాబు. కానీ అడ్తిదారు ఒక లాటు పోతే ఇంకో లాటు దగ్గర నిలబడతాడు.

మామ: సరే, అది ఖరీదైందే. ఇది మొద్దుబారినప్పుడు ఏడ నూరుతవ్?

అల్లుడు: డైమండ్ ప్లేటు ఉన్నది నా దగ్గర.

మామ: అమెరికాల ఉన్నదా, సంచిల ఉన్నదా?

అల్లుడు: …అమెరికాల.

మామ: హన్మకొండ చౌరస్తాల సాన పట్టేటోనికి ఇస్తవా?

అల్లుడు: ఇయ్య! ఎండు చక్రం మీద రవ్వలు లేస్తుంటే అంచు కాలి నీలం రంగు తిరుగుతది. గట్టితనం పోతది. మామూలు సానరాయి కన్న ఇందుల వెనేడియం గింజలే గట్టియి. అంచును సరిగ్గ అరగదియ్యాలంటే డైమండే కావాలె.

మామ: అంటే పదును ఎక్కువ రోజులుంటది. పోయిన నాడు మాత్రం ఊర్ల దిక్కు లేదు. ఆ ఉక్కు కంపెనీ అయినా ఉన్నదా?

అల్లుడు: క్రూసిబుల్ అని న్యూయార్క్ రాష్ట్రంది. 2024 డిసెంబరుల దివాలా పిటిషన్ ఏసింది. ఎరాస్టీల్ అనేటోళ్లు దాని ఆస్తుల్ల కొన్ని కొన్నరు.

మామ: కోనసముద్రం కొలిమీ ఆరింది, గదీ ఆరింది. బండ మాత్రం గడపల్నే ఉన్నది!

ఈ నవ్వులో చట్టం సంగతి కూడా వచ్చింది. లైసెన్సు గొడవ అసలు తొమ్మిది అంగుళాల పొడవో, రెండంగుళాల వెడల్పో దాటిన బ్లేడుకు. ఇంటికి, వ్యవసాయానికి చేసినవాటికి అక్కడా మినహాయింపు ఉంది. మూడంగుళాల దానికి ఆ భయం లేదు. విమానంలో చేతిసంచిలో మాత్రం పెట్టనివ్వరు. అంతకంటే దాని మీద వాళ్లు ఆగలేదు. జామకాయలు వచ్చాయి.

మామ ఒకటి తన చాకుతో కోశాడు. అరిగి అరిగి కాయితంలా పల్చబడ్డ బ్లేడు గింజల మీదుగా చప్పుడు లేకుండా దిగిపోయింది. అల్లుడిది వెన్ను మూడు మిల్లీమీటర్ల మందం. అంచు దగ్గర బోలుగా అరగదీసి సన్నం చేశారు కాబట్టి మొదట బాగానే దిగింది. సగం దాకా వెళ్లాక మందం అడ్డుపడి, కాయ కటుక్కున రెండుగా విచ్చుకుంది. తెగలేదు, పగిలింది. ఉప్పూకారం అద్దుకుని తినడానికి తేడా లేదనుకోండి.

అల్లుడు: ఫ్రాన్స్‌ల ఒపినెల్ అని ఉన్నది మామా, 1890 కెల్లి చేస్తున్నరు. చెక్క పిడి, పల్చటి బ్లేడు, మెడకాడ తిప్పే ఇనుప ఉంగరమే లాకు. ఆ ఉంగరం 1955ల పెట్టిండ్రు. కాయలు కోసుట్ల నా దాని కన్న అదే మేలు. నా పైసలకు అవి ఇరవై వస్తయి.

మామ: మరి గదే తేకపోయినవ్!

అల్లుడు: వానల తడిస్తే చెక్క ఉబ్బి బిగుసుకుంటది. రెండు చేతులు కావాలె తెరవనీకి. నిచ్చెన మీద ఒక చెయ్యి పట్టుకొని ఉన్నప్పుడు రెండో చేత్తోని తెరుచుడు, కోసుడు, మళ్ల జేబుల ఏసుకొనుడు, గది దీంతోనే అయితది. దీని సుఖం గదే.

అప్పుడే ఒక హమాలీ కుర్రాడు లోపలికి వచ్చి, బస్తా మూతి కొయ్యాలి, చాకు ఇవ్వండి అని చెయ్యి చాచాడు. దగ్గరగా ఉన్నది అల్లుడి కత్తి. అల్లుడి చెయ్యి దాని మీదికే పోయింది, అక్కడే ఆగింది. పెద్దాయన తన చాకు విసిరితే కుర్రాడు పట్టుకుని పోయాడు. నా దృష్టిలో ఆ కత్తికి ఉన్న అసలు లోపం ఇదే. కీలుది కాదు, ఉక్కుది కాదు. అడ్తిలో చాకు రోజుకు పది చేతులు మారుతుంది. చేతులు మారలేని వస్తువు అక్కడ సగం పనిముట్టు. ఒంటరిగా పనిచేసుకునే ఎలక్ట్రీషియనో, అల్లుడిలాంటివాడో అయితే ఈ లోపం లెక్కలోకే రాదు, అది వేరే మాట.

మామ: ఎందుకియ్యలే?

అల్లుడు: పోగొడితే?

మామ: మరి జేబుల ఉన్నది చాకా, బంగారమా?

అల్లుడు: నువ్వే చెప్పు. దేనికెంత కడతవ్?

మామ: జెండా పాట పాడాలెనా? సరే. పొద్దుగాల యార్డుల వేలం పాడితే జెండా పాట రేటు ఒక్క లాటుకే వస్తది, పేపర్ల గదే పడ్తది. మిగిలిన సరుకంతా దానికి కిందనే పోతది. నీ కత్తిది జెండా పాట రేటు. నేను విడివిడిగ కడత. ఉక్కుకు నాలుగు వేలు, నువ్వు చెప్పిన చదువుకు. కంచు బిళ్లలకు, విప్పి తుడుచుకునే సులువుకు రెండు వేలు. లాకుకు అయిదు వేలు. వేలు అడ్డమొస్తది కాబట్టి దాంట్ల వెయ్యి కోత. సాన పట్టేటోడు లేనందుకు ఇంకో వెయ్యి తరుగు. ఎంతైంది?

అల్లుడు: తొమ్మిది.

మామ: తొమ్మిది వేలు. కాంటా పెట్టు.

అల్లుడు: గా రేటుకు వాడు గేటు కూడ తియ్యడు మామా.

మామ: తియ్యకుంటే మానె. నేను వంక పెట్టింది రేటుకు, సరుకుకు కాదు. నువ్వు గా చెక్కపిడిది ఒకటి పంపు, హమాలోళ్లకు కూడ ఇస్త.